నూట పద్దెనిమిదో జీబీ దగ్గర

కావలి ట్రంకురోడ్డు మీద, టైర్ల కొట్టు పైన
నా మిక్సింగ్ గది.
రాత్రి పదకొండు దాటాకే చేస్తాను ఈ పని.
అప్పటికి వోల్టేజి కుదురుకుంటుంది,
మద్రాసు లారీలు తప్ప
కిటికీ అద్దాన్ని కదిలించేవాళ్ళుండరు.

కొత్త ఎస్సెస్డీ. చూయింగ్ గమ్ బద్దంత.
సెకనుకి ఐదువేల ఎంబీ అని
డబ్బా మీద బంగారు అంకెలు.
డబ్బా మీది మాట నమ్మి ఒకసారి చెడ్డాను
బిట్రగుంట వాళ్ళ ఓణీల ఫంక్షన్ సగంలో.

చిన్న పరీక్షకి ఏ డిస్కయినా నెగ్గుతుంది.
ఒక్క జీబీ ఇచ్చి చూడు, కొత్తల్లుడి మర్యాద:
అడక్కముందే లేచి నిలబడుతుంది.
తుమ్మలపెంట మాలకొండయ్య తన రొయ్యలగుంట సంగతి చెప్తాడు:
"చెక్ ట్రేలో ఎగిరేవి చూసి కౌంటు కట్టబాక సామీ.
గట్టుకాడికొచ్చేవి ఎప్పుడూ బాగానే ఉంటాయి.
గుంట నిజం పట్టుబడి రోజు తెలుస్తాది."

అందుకే నేను పట్టుబడే చేస్తాను.
ఖాళీ సున్నాలు కాదు,
ఒక పెళ్ళి మొత్తం పోస్తాను.

నాలుగువందల పన్నెండు జీబీల పెళ్ళి.
మూడు కెమెరాలు, ఒక డ్రోను,
కలిగిరి దగ్గర కల్యాణమంటపం, ఆరేళ్ళ కిందట.
అడ్వాన్సు ఇచ్చారు. మళ్ళీ రాలేదు.
ఫోన్ చేస్తే వీళ్ళు "వాళ్ళనడగండి" అన్నారు,
వాళ్ళు "ఇంకెందుకు లేండి" అన్నారు.
చెరపలేదు నేను. జాలి అనుకోవద్దు,
అంత బరువు ఇంకొకటి లేదు నా దగ్గర.

నాలుగువేలు, నాలుగువేలు,
మూడువేల తొమ్మిదొందలు,
అరనిమిషం దాకా ఎదురులేదు.
నూట పద్దెనిమిదో జీబీ దగ్గర
గీత గోడమీంచి జారిన పిల్లి.
నూటతొంభై.
అదీ దాని సొంత నడక.

వేడి ఎనభై రెండు. బల్లఫ్యాను ఇటు తిప్పాను.
డెబ్బై ఆరుకి దిగింది, నడక మారలేదు.
ఇంక ఇరవై ఆరు నిమిషాలు.

ప్రతి డిస్కూ ఈ పెళ్ళిలో ఎక్కడో ఒకచోట అలుస్తుంది.
ఒకటి జీలకర్ర బెల్లం దగ్గర,
ఒకటి తలంబ్రాల్లో,
ఒక చవకది గణపతి పూజకే చేతులెత్తేసింది.
ఇప్పటికి పదకొండుసార్లు చేశానా పెళ్ళి.
తాళి కట్టేటప్పుడు పెళ్ళికొడుకు చెవి వెనక
చెమట ఎటు జారుతుందో చెప్పగలను.
పేర్లు మాత్రం ఫోల్డరు చూస్తే గాని గుర్తురావు.

రాసింది తిరిగి చదివించి బైటు బైటుకీ పోల్చాను.
తేడా లేదు.
నోటుబుక్కులో పెట్టుకున్నాను:
నిదానం. నమ్మొచ్చు. షూటింగుకి వద్దు, దాపుకి సరే.

మొన్న మంగళవారం ఫోల్డరు మీది పేరు
మెట్లెక్కి వచ్చింది. హిమబిందు.
చెప్పులు విప్పకుండా గడప దగ్గరే నిలబడి
"ఉందా అది?" అంది.
ఉందన్నాను. ఎన్నిచోట్లో చెప్పలేదు.

"మొత్తం వద్దు. మా అమ్మమ్మ ఉంటది చూడండి బంతిలో,
పెరుగొద్దని ఆకుకి చెయ్యి అడ్డం పెడతా.
అదొక్కటి చాలు.
కార్తీకంలో పోయింది. ఫోటోలున్నాయి,
కదిలేది ఇంకెక్కడా లేదు."

వెతకనక్కర్లేదు నాకు.
రెండో కెమెరా, నలభై ఏడో ఫైలు.
ముడతల చెయ్యి, ఆకు, తర్వాత కెమెరా వైపు చిరాకు:
"నన్నేంది తీసేది నాయనా, పోయి పెళ్ళికూతుర్ని తియ్యి."
పంతొమ్మిది సెకన్లు.

తాళాల గుత్తికి వేలాడే ఆమె పాత పెన్‌డ్రైవులో వేశాను.
అలవాటుకొద్దీ వేగం కోసం చూశాను.
గీత లేవలేదు. అంకె పడలేదు.
అప్పటికే అయిపోయింది.

"మిగతాది తీసేస్తారా?"
తీసేస్తానన్నాను. ఆమె ముందే తీసేశాను,
పదకొండు చోట్లా.
నాలుగువందల పన్నెండు జీబీలు
ఒక్కోచోట సెకను కూడా పట్టలేదు.

గురువారం ఇంకో డిస్కు వస్తోంది.
దాంట్లో ఏం పోయాలో
ఇంకా తేలలేదు.