ఒక్క టార్టు ముక్క

తెల్లవారుజామున నాలుగింటికి
మా బేకరీ చిమ్నీ ఒక్కటే ఈ ఊళ్ళో ఊపిరి తీస్తుంది.
ఆ తర్వాత లేచేవాడు లీవెన్.

వానలో, రాళ్ళు పరిచిన వీధిలో
సన్నటి చక్రాల సవ్వడి.
కిటికీ అద్దం తుడిచి చూస్తాను.
తల వంచుకుని తొక్కుతుంటాడు,
ఎవరికో బాకీ పడ్డవాడిలా.

వాళ్ళమ్మ చెబుతుంది:
అన్నం గ్రాముల్లో తూచుకుంటాడట,
పడుకోబోయే ముందు, లేవగానే
తనను తాను తూచుకుంటాడట.
తమ్ముడి పెళ్ళిలో ఫోటోకి నిలబడి
డాన్సు మొదలవకముందే కోటు తగిలించుకుని వెళ్ళిపోయాడు.
చేతి గ్లాసులో ఉన్నవి నీళ్ళే.
జిన్ కూడా నీళ్ళలాగే ఉంటుందిగా అని
కేఫేలో మూడు రోజులు వాదించుకున్నారు.

మా ఊరికి ఒక నది ఉంది, చర్చి ఉంది,
మూతపడ్డ అవిసెనార మిల్లు ఉంది.
గెలిచేవాడు మాత్రం వీడొక్కడే.
అందుకే వాడి కాళ్ళు మా అందరివీ.
వాడికి మోకాలు నొప్పంటే
మాంసం కొట్టు వౌటర్ కుంటుతాడు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
ఆ సవ్వడి నా గుమ్మం ముందు ఆగింది.
హెల్మెట్ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి.
"గోడెలీవ్ అత్తా, రైస్ టార్టు ఇంకా చేస్తున్నావా?"
చేయక!
ఒక్క ముక్క. నిలబడే తిన్నాడు,
కళ్ళు మూసుకుని,
పళ్ళెంలో రాలిన పొడిని వేలితో అద్దుకుని మరీ.
పదకొండేళ్ళ పిల్లాడొకడు
ఆ ముఖంలోకి క్షణంసేపు వచ్చి వెళ్ళాడు.
డబ్బులొద్దన్నాను. పెట్టే వెళ్ళాడు.

అక్కడితో నోరు మూసుకోవలసింది.
రొట్టె కొన్న ప్రతివాళ్ళకీ
చిల్లరతో పాటు ఆ కబురూ చేతిలో పెట్టాను:
లీవెన్ తిన్నాడు, నా చేతిది.
గర్వమండీ, ఇంకేం కాదు.
పులిసిన పిండి, గిన్నెలో ఆగుతుందా?

ఏప్రిల్ ఆదివారం.
జెండాలు, వేయించిన ఆలుగడ్డల వాసన,
కొండదారి పొడుగునా తెల్లరంగుతో వాడి పేరు.
ఆఖరి మలుపు దాకా వాడే ముందు.
పక్కనుంచి ఒక నార్వే కుర్రాడు...
అర చక్రం తేడా.
రెండు వందల యాభై కిలోమీటర్లు తొక్కాక
అర చక్రం.

చీకటి పడేలోపు కేఫేలో లెక్క తేలిపోయింది.
మందుల షాపు డిర్క్ కాగితం మీద వేసి చూపించాడు:
టార్టు ముక్క బరువెంత,
ఆ బరువుతో కొండెక్కితే ఎన్ని క్షణాలు పోతాయి.
అది రెండు నెలల కిందటి ముక్క కదా అని
ఎవరూ అనలేదు.
నేనూ అక్కడే ఉన్నాను. నేనూ అనలేదు.

మర్నాడు కొట్టు తెరవడానికి వస్తుంటే
మా వీధి మొదట్లో, వాడి పేరు పక్కన,
అదే తెల్లరంగుతో టార్టు బొమ్మ.
ఒక ముక్క కోసి ఉంది.
బాగానే గీశారు, చెప్పొద్దూ.

పందెం మర్నాడు విశ్రాంతి తీసుకోవాలట.
అయినా నాలుగున్నరకి సవ్వడి వచ్చింది.
నేను అద్దం తుడవలేదు.
మోచేతుల దాకా పిండిలో ఉంచి అలాగే నిలబడ్డాను.
ఆగలేదు.
కాస్త నెమ్మదించింది,
బొమ్మ దగ్గరో, నా కిటికీ దగ్గరో,
తడి రాళ్ళని జాగ్రత్తపడ్డాడో.

ఆ రోజూ ఎప్పట్లాగే పన్నెండు టార్టులు చేశాను.
మధ్యాహ్నానికల్లా అయిపోయాయి.
ఒక్కొక్కరూ రెండో ముక్క అడిగి తిన్నారు.
డిర్క్ అయితే
ఇంటికో పెట్టె కట్టించుకుని వెళ్ళాడు.