తర్జుమా

రువీ ఆసుపత్రిలో నేల తుడిచే దాన్ని.
ఆ పూట మాత్రం కట్టె గోడకానించి
మాట మోయమన్నారు.

డాక్టరు బుథైనా అరబ్బీలో చెప్తుంది,
మలయాళీ నర్సు హిందీ చేస్తుంది,
నా దాకా వచ్చేసరికి అది రాయచోటి మాటవ్వాలి.
మంచం మీద ఓబులేశ్వరి.
పక్కన మూడు కిలోల పిల్ల, ఇంకా పేరు లేదు.

ఇన్నాళ్ళూ మొగుడే తర్జుమా.
ఐదు నెలలు ఆమె మింగిన మాత్రని
రక్తం పట్టే బిళ్ళ అని చెప్పాడంట.
ఇప్పుడతను సోహార్ సైట్లో ఉన్నాడు,
నేనున్నాను.

మా ఊళ్ళో ఆ జబ్బు పేరు
గొంతు తగ్గించి పలుకుతారు.
నేను తగ్గించలేను,
సగం వింటే సగం మందే పోస్తుంది.

చెప్పాను.
చాలాసేపు ఫ్యాన్ చప్పుడు.
"అయితే ఆయనకి తెలుసా?" అంది.
ఆ ప్రశ్న నేను అవతలికి మోయలేదు.

అమ్మా, ఆ బిళ్ళే పురుగుని నిద్రపుచ్చింది,
పిల్లదాకా పాకి ఉండకపోవచ్చు.
ఇక ఈ సిరప్. సూది లేని సిరంజిలో
ఒకటి దాటి రెండు గీతలు.
పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి,
ఆరు వారాలు.
ముద్దు పెట్టుకో, ఏం కాదు.

"పాలు?"
నర్సు తల అడ్డంగా ఊపింది.
దానికి నా అవసరం రాలేదు.
రాత్రికి రవిక తడిసి బిగుసుకుపోతే
ఫిలిప్పీను పిల్ల వంటగదిలోంచి
చల్లటి క్యాబేజీ ఆకులు తెచ్చి కప్పింది.
డబ్బా పాలు కలుపుతూ ఓబులేశ్వరి
చెంచాలు పైకే లెక్కపెట్టింది,
తప్పితే మళ్ళీ మొదటినుంచి.

పన్నెండో రోజు కాగితాలొచ్చాయి.
ఆ రక్తానికి ఇక్కడ వీసా లేదు.
దీనికి ఏ భాషలోనూ
మెత్తటి మాట దొరకలేదు నాకు.

సీసా చేతిసంచిలో పెట్టుకో,
పెట్టెలో వెయ్యొద్దు.
ఆరో వారం కడప పెద్దాసుపత్రిలో
మడమ గుచ్చి చుక్క తీస్తారు,
ఏడుస్తుంది, ఏడవనీ.
ఒక్కసారి కాదు, పిల్ల నడిచేదాకా
పిలిచినప్పుడల్లా పో.
నీ బిళ్ళ నువ్వు మానొద్దు.
చివరిమాట ఎవరూ చెప్పమనలేదు, నాదే.

ఆమె విమానం ఎక్కిన సాయంత్రం
నా ఫోన్లో ఆరింటి అలారాలు రెండూ
గంటన్నర వెనక్కి జరిపాను.
అక్కడ ఆరైతే ఇక్కడ నాలుగున్నర.

ఆరు వారాలు ఎప్పుడో దాటాయి,
కబురు లేదు.
తెల్లారకముందే మోగుతుంది,
గదిలో ఆడవాళ్ళు తిట్టుకుంటూ అటు తిరుగుతారు.
నేను లేచి కూచుని
వేళ్ళ మధ్య గాలిలో
ఒకటి దాటి రెండు గీతలు చూసుకుంటాను.