నలభైకి ఐదు తక్కువ

కర్నూలు పెద్దాసుపత్రి, ఓపీ గేటు పక్కన
నీలం రంగు కొట్టిన జాగా ఒకటి ఉండాది.
రెండు బండ్లు పట్టేంత.
చక్రాల కుర్చీ బొమ్మ గీసినోడు
చక్రం ముందు గీసి, మనిషికొచ్చేసరికి రంగు అయిపోయి
తల పెట్టకుండానే పోయినాడు.
ఆ తల లేనోనికి కాపలా నేను.
పది రూపాయల టోకెన్లు చింపేది, ఈల ఊదేది,
ఎవరు అర్హులో తేల్చేది.

కాంట్రాక్టరు ఒక కాగితం ఇచ్చినాడు, అట్టకు అంటించి.
నలభై శాతం, ఆపైన.
సదరం సర్టిఫికెట్, అసలుది. జిరాక్సు చెల్లదు.
గడువు దాటి ఉండగూడదు.
బండి వాళ్ళ పేరుమీదే ఉండాల.
మాజీ సైనికులైతే —
ఆ కిందిది టీ పడి చెరిగిపోయింది.
నేను పనిలో చేరేటప్పటికే అంతే.

మద్దిలేటి వచ్చేది బుధవారం.
పక్క చక్రాలు బిగించిన స్కూటరు,
వెనక రేకుమీద రెజిమెంటు పేరు, సగం ఎండ తినింది.
"కాలికేమైందన్నా?"
"మంచు కొరికింది."
నేను నవ్వినా.
మే నెల, తారు చెప్పులకు అంటుకునే పొద్దు,
మంచంటే మాకు రంపపుపొట్టులో చుట్టి అమ్మే గడ్డ.
ఆయన నవ్వలే.
బూటు విప్పినాడు.
ఎడమ పాదం సగంలోనే ఆగిపోయి ఉండాది,
చెప్పబోయి మానుకున్న మాట మాదిరి.

ప్లాస్టిక్ కవరులోంచి రెండు కాగితాలు తీసినాడు.
మిలిటరీ డాక్టర్లది, ఇరవై రెండేండ్ల నాటిది:
ముప్పై. పింఛను లెక్కకు యాభై అని ఖాయం చేసినారు.
మన ఆసుపత్రిది, పోయిన నెలది:
ముప్పై ఐదు.
పాదం ఒకటే.
నా అట్టమీద మాత్రం సున్నా.

"ఐదు తక్కువైందన్నా," అన్నా.
మార్కులు చదివే అయివారి గొంతు వచ్చింది నాకు.
"ఇంకో బెత్తెడు పైకి కోసింటే పాసయ్యేటోన్ని."
కోపం లేదు. టైలరుకు కొలత చెప్పినట్ల చెప్పినాడు.

ఆ మాట అంటాండగానే
నీలం జాగాలోకి తెల్లకారు వచ్చి నిలిచె.
మందుల కంపెనీది. దిగినాయనవి రెండు కాళ్ళూ గట్టివే.
ఆయప్పను ఎంత శాతమని అడిగే ధైర్యం నాకు లేదు.
ఈల నోట్లోనే ఉండాది. ఊదలే.
మద్దిలేటి చూసినాడు,
కారును కాదు, నన్ను.
స్కూటరు తిప్పుకోని మార్చురీ గోడకాడికి పోయినాడు.
ఆడినుంచి ఓపీకి నూట తొంభై అంగలు,
నా కాళ్ళతో.

ఎవరికీ చెప్పలే గానీ, నా కుడికన్ను చూడదు.
బేతంచెర్ల నాపరాళ్ళ గనిలో, పదేండ్లప్పుడు,
రాతి పెళ్ళ ఎగిరొచ్చి తగిలె.
ముప్పై ఇచ్చినారు.
ఇంకోటి బాగనే ఉంది గదా, అన్నారు.
రెండిట్లో ఒకటి పోతే యాభై అనుకున్న పిల్లోన్ని,
ఆ లెక్క ఇప్పటికీ తెగలే నాకు.

పైవారం ఏడుకే వచ్చినాడు.
బండి గోడకాడ పెట్టి, నడుచుకుంటా వచ్చి
నీలం జాగా నడిమధ్య నిలబడినాడు, వీపు నిటారుగ.
తెల్లకారు వచ్చె. హారను కొట్టె. మళ్ళా కొట్టె.
"ఎవరికోసం ఆపినావు?"
"వచ్చేవాళ్ళకోసం."
"ఎవరొస్తారు?"
"తెలీదు సార్."

తొమ్మిదిన్నరకు వచ్చింది ఖాజాబీ, ఆదోని నుంచి,
ఆటోలో, పన్నెండేండ్ల కొడుకును ఒళ్ళో వేసుకోని.
పిల్లోని సర్టిఫికెట్ గడువు నిన్నటితో సరి.
వాని కండలు మాత్రం గడువు చూసుకోకుండా
కరుగుతానే ఉండాయి.
ఆటో ఆమె పేరుమీద లేదు. కాగితం జిరాక్సు.
అట్ట చూసినా. పైనుంచి కిందికి అన్నీ తప్పే.
అట్టను బోర్లించి కుర్చీ కింద పెట్టి
ఈల ఊదినా.
తెల్లకారు వెనక్కి పోయేదాకా ఊదినా.

సాయంత్రం కాంట్రాక్టరు నూటయాభై కోసినాడు.
చెరిగిపోయిన ఆ వరుసలో ఏముండేదని అడిగినా.
ఆయనకూ తెలీదు.

మద్దిలేటి పొయ్యేటప్పుడు పక్కన నడిచినా,
మార్చురీ గోడదాకా, మాట్లాడకుండా,
లోపల లెక్కపెట్టుకుంటా.
మూడువందల నాలుగు.