నేల చూపు

నాకు మొఖాలు కానరావు బిడ్డా.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు నలభై ఏండ్లు తాగిన నడుము,
కొడవలి లెక్క వంగి ఆడనే ఆగింది.
మబ్బు పట్టిందో లేదో మీరు చెప్తేనే ఎరుక.
సంఘాన్ని నేను కాళ్లను బట్టి గుర్తువడత.

ఏలియా పెద్దయ్యవి నెర్రెలు వారిన మడిమలు,
పాట అందుకోకముందే తాళమేస్తయి.
అయ్యగారి మేజోడుకు బొటనవేలు కాడ చిల్లు,
ఏ సంగతన్న ఎటూ తేలకపోతే ఆ వేలు బయటికొచ్చి చూస్తది.
దానమ్మ సాక్ష్యం చెప్పుకుంట బండను గీకుతది.

తబితవి సన్నకాళ్లు. కుడిపాదం మీద మచ్చ,
నాకు గంజి తాపబోయి కాల్చుకున్నది.
నెలకోపారి బల్ల అయినంక
గిన్నె చున్నీ కింద దాచుకొని మా ఇంటికొచ్చేది.
మెడ కింద అరచెయ్యి పెట్టి,
పసిపిల్లను ఎత్తినట్టు నా తల ఎత్తి,
నాలుక మీద ద్రాక్షరసం చుక్క వోసేది.
ఆ గుక్కెడు సేపు
నాకు ఒక మొఖం కనవడేది.

ఈస్టరు తెల్లారగట్ల నన్ను ఆటోల ఏసుకపోయిండ్రు.
తబిత కాళ్ల పక్కన ఇంకో జత కాళ్లు.
కెజియా అంట, మిర్యాలగూడ దవాఖానల నర్సు.
రాత్రి డ్యూటీలు చేసి చేసి ఉబ్బిన పాదాలు.
నాలుగు కాళ్లకు కొత్త మట్టెలు,
ఒక్క తీరువి, చేపబొమ్మవి,
ఒక్క దుకాణంల ఒక్కనాడే బేరమాడి కొన్నట్టు.
అందరు కండ్లు మూసుకొని ప్రార్థనల ఉన్నరు.
నేను తెరిచే ఉన్న.
అందరికన్న ముందు నాకే సమజైంది.
ఎవలికీ చెప్పలే.

రెండు నెల్లకు ఫోన్లల్ల ఫోటో ఒకటి తిరిగింది.
చర్చిల కరెంటు లేదని కమిటీ మా అరుగు మీదనే కూసుంది.
కోర్టే ఒప్పుకోలే, మనమెవలం, అన్నయి ఒక జత చెప్పులు.
రిజిస్టర్ల పేరు కొట్టెయ్యుండ్రి, అన్నయి మడిమలు.
మరి సండేస్కూలు పిల్లలకు పాటలెవలు నేర్పుతరు,
దానమ్మ గొంతు, బండ గీకుకుంట.
పేరు ఉండనీ, బల్ల ఆపుదాం, అన్నడు అయ్యగారు.
మేజోడు చిల్లుల నుంచి వేలు బయటికొచ్చింది,
మల్ల లోపటికి పోయింది.

అది పాపమా కాదా నన్నడగకుండ్రి.
నాకు చదువు రాదు.
మా అవ్వ గడి ముందట చెప్పులు చేతవట్టుకొని నడిచిందని తెలుసు.
ఈ చర్చి మెట్ల కాడ గూడ విడిచింది,
కని అందరితోని విడిచింది.
ఆరాధన అయినంక ఆ చెప్పుల కుప్పల
తన జత ఏదో ఎతుక్కునుడే ఆమెకు పండుగ.
ఇంకొకటి తెలుసు, నా అసొంటి ఒక వంగినామె సంగతి.
పద్దెనిమిదేండ్లు.
ఆమె అడుగనన్న అడుగలే. ఆయననే పిలిచిండు.
ఇయ్యాల దినం మంచిది గాదని
పెద్దలు గులుగుతనే ఉండిరి.

మొన్నటి బల్లకు ఏలియా పెద్దయ్యనే గిన్నె తెచ్చిండు.
నిలవడ్డకాన్నించే వంగి పోయబోయిండు.
రసం గదుమ మీదికెల్లి నేలకు జారింది.
ఎర్రటి చుక్క, దుమ్ముల.
మల్ల పోసిండు. మల్ల జారింది.
ఆ పిల్ల ఎట్ల తాపేదమ్మా, అన్నడు.
ముందు కింద కూసోవాలె పెద్దయ్యా, అన్న.

శానసేపు మడిమలు తాళమెయ్యలే.
అప్పుడు కనవడ్డయి గడప అవతల
చేపల మట్టెలు, నాలుగు కాళ్లవి.
ఆదివారం గదా, నన్ను చూసిపోదామని వచ్చి
లోపట మనిషిని చూసి ఆగినట్టున్నయి.
మడిమలు గడప దాక పోయినయి.
ఏం మాట్లాడిండ్రో నా చెవులకు అందలే.
ఆరు కాళ్లు, నడుమ జానెడు గడప.
చీమ ఒకటి ఎర్ర చుక్కను దొరకవట్టింది.
నేనింకా చూస్తనే ఉన్న.