నడవాలో పన్నెండు సీసాలు

మిర్చికి ఆరు డిగ్రీలు.
దీనికి పన్నెండు.
అందుకే గదిలో కాదు,
గదికీ గదికీ మధ్య నడవాలో
గోనెపట్టా కప్పి పడుకోబెట్టాను
టిక్కీల చాటున దొంగసరుకులా.
ఘాటు బిరడాలో దూరుతుందేమోనని
ఒక్కో మూతికీ మైనం.

ఏటుకూరు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజి.
లక్షా పదివేల టిక్కీలకు లెక్క రాస్తాను.
ఎవరిది తేజ, ఎవరిది మూడొందల ముప్ఫైనాలుగు,
ధర కోసం ఏ రైతు ఎన్ని నెలలు ఆగాడో
అంతా నా పుస్తకంలో ఉంటుంది.
ఈ పన్నెండూ పుస్తకంలో లేవు.

బర్గండీలో ఒక ముసలాయన.
మిర్చి రంగు తీసే కంపెనీ వాళ్ళ వెంట వెళ్ళి
తోవ తప్పి ఆయన వాకిట్లో ఆగాం.
మొత్తం ఎకరం ముప్పావు, అదీ నాలుగు ముక్కలు.
ఆయనే కొమ్మ కత్తిరిస్తాడు, ఆయనే పండు పిండుతాడు,
లేబులు మీద సంవత్సరం కూడా ఆయన చేతిరాతే.
గోళ్ళలో మన కౌలు రైతు నలుపు.
నేలమాళిగలో పీపాకి చెవి ఆనించమన్నాడు.
లోపల సన్నగా ఏదో,
పొయ్యి ఆర్పాక పాలు సర్దుకునే చప్పుడు.
రెండు చేతుల వేళ్ళూ విప్పి చూపించాడు:
పదేళ్ళు.
నాకు నవ్వొచ్చింది.
మార్చి సరుకు ఆగస్టు దాకా ఆపడానికే
మా వాళ్ళకి నిద్ర పట్టదు.

మొదటిది ఆ ఏడే తీశాను, ఆత్రం.
పిందె మామిడి కొరికినట్టు పళ్ళు పులిశాయి.
రెండోది మూడో ఏట.
తువాలు కింద చేయి పెట్టి బేరమాడే వ్యాపారిలా
ఒక్క వేలు కూడా విప్పలేదు.
మూడూ నాలుగూ బావమరిదికి పోశాను.
సోడా కలిపాడు.
ఆ సంగతి వదిలేద్దాం.

ఆరో ఏడు రోహిణి కార్తె.
రోళ్ళు పగిలే ఎండ, కరెంటు లేదు, జనరేటరు మొరాయించింది.
టిక్కీల కోసం ఊరంతా పరిగెత్తింది.
నేను నడవాలో కూర్చుని
తొమ్మిది గంటలు తడిగోనెలు మారుస్తూనే ఉన్నాను.
ఓనరు చూశాడు, ఏమీ అనలేదు.
ఆ చలికాలం ఐదోది తీస్తే
పాతనేతి రంగు,
కోసి మర్చిపోయిన యాపిల్ ముక్క వాసన.
ముసలాయన తప్పా, కరెంటు తప్పా, బిరడా తప్పా.
అదే రాత్రి కోపంతో దాని పక్కది తీశాను.
అదే ఎండ, అదే గోనె,
చెక్కుచెదరలేదు.
ఒక కాన్పు పిల్లలే ఒకలా ఉండరు కదా.

పదో ఏడు వచ్చింది.
యార్డులో గ్రేడింగు చేసే మస్తాన్‌వలీని పిలిచాను.
తాలుకాయని చీకట్లో పట్టే ముక్కు అతనిది.
"తాగను పానకాలు గారూ,
వాసన చూస్తానంతే."
ఫ్యాను ఆపమన్నాడు.
కళ్ళు మూశాడు.
"కారం ఎక్కలేదు," అన్నాడు ముందు. నా గుండె కుదుటపడింది.
"నిమ్మతొక్క.
వేయించిన జీడిపప్పు, కొంచెం మాడింది."
తర్వాత చాలాసేపు మాట లేదు.
బయట లారీ వెనక్కి తీస్తున్నారు.
"పిడుగురాళ్ళ," అన్నాడు.
"మా నాన్న సున్నపు బట్టీలో చేసేవాడు.
కాల్చకముందు రాయి, దాని మీద తొలి వాన.
ఇదిగో, అదే ఇది."

నా లెడ్జరు మీద పదేళ్ళుగా
ఒక తెల్లరాయి, కాగితాలు ఎగరకుండా.
వచ్చేముందు ముసలాయన తోటలోంచి ఏరి
నా అరచేతిలో పెట్టి మూసింది.
ఎక్కడిదో వలీ ఎప్పుడూ అడగలేదు,
నేనూ చెప్పలేదు.
ఇప్పుడూ చెప్పలేదు.
గ్లాసు పక్కకి దాన్ని జరిపానంతే.

మంగళగిరి సామి సగం తాగి
సగం మనకే తిరిగిస్తాడంటారు.
ఆయన పేరే నాకు పెట్టారు.
ఆ సాయంత్రం వాసన సగం వలీది,
మిగతా సగం నాకు జరిపాడు.
గొంతు దిగాక కూడా
చాలాసేపు పోలేదు ఆ రాయి.

ఇంకా ఐదున్నాయి.
వలీని గేటు దాకా దింపి
నడవాలో గోనె తడిపి వచ్చాను.
దించుతున్న టిక్కీ ఒకటి పగిలినట్టుంది.
చీకట్లో ఒకరి తర్వాత ఒకరు
హమాలీలంతా తుమ్ముతున్నారు.