చెయ్యి అందినంత మేర

గుంటూరు మిర్చి యార్డు వెనక గోడకి ఆనుకుని మా బడి.
గాలి ఇటు తిరిగిందంటే
పాఠం తుమ్ముతో మొదలవుతుంది,
ముప్పై రెండు ముక్కులూ ఒకేసారి.

చెయ్యి అందితే దిస్, అందకపోతే దట్.
అంతే రూలు, అన్నాను.
అంకారావు తన సుద్దముక్కని దిస్ అన్నాడు,
నా చేతిలోదాన్ని దట్ అన్నాడు,
లేచొచ్చి అదీ లాక్కుని మళ్లీ దిస్ అన్నాడు.
వాడికి వచ్చేసినట్టే.

చిక్కంతా ఎక్కువైనప్పుడే.
మనకి ఈ కాయ, ఈ కాయలు.
ఒక్క కాయకైనా టిక్కీడు కాయలకైనా
అదే ‘ఈ’ సరిపోతుంది.
ఇంగ్లీషోడికి చాలదు.
రెండోది వచ్చి పక్కన పడగానే దిస్ కాస్తా దీజ్.
కిటికీలోంచి చూపించాను:
లారీ మీద టిక్కీలు, దోజ్.
కాటా దగ్గర హమాలీలు, దోజ్.
కోల్డ్ స్టోరేజీ రేకుల మీద పావురాలు
లెక్కపెట్టేలోపే లేచిపోయాయి.
ఎగిరినా దోజే, అంది నాగూర్‌బీ.

‘దిస్ ఈజ్ మై మదర్’ అని బోర్డు మీద రాసేసరికి
దీవెన లేచి నిలబడింది.
“తప్పు టీచర్. అమ్మని ఇది అనకూడదు.
మా నాన్న అంటాడు. తాగినప్పుడు.”

ఇంగ్లీషులో తప్పు లేదమ్మా, వాళ్లకి ‘గారు’ లేదు, అన్నాను.
బల్ల అయినా దిస్సే, బల్లి అయినా దిస్సే,
హెడ్మాస్టారైనా దిస్సే.
క్లాసంతా నవ్వింది, ఆయన గది వైపు చూసి మరీ.
తను నవ్వలేదు.
నోట్సులో ఆ ఒక్క వాక్యానికీ చోటు వదిలేసి
కింద గీత గీసుకుంది.

శనివారం తల్లిదండ్రుల మీటింగు.
తొడిమలు తీసే పనిలోంచి అట్నుంచటే వచ్చింది వాళ్లమ్మ,
మొహానికి చుట్టిన తువ్వాలైనా విప్పకుండా.
మండే చేతులు కొంగులో చుట్టుకుని
గుమ్మం అవతలే ఆగింది.
అక్కడినుంచైతే దట్.

దీవెన బెంచీల మధ్యనుంచి నడిచి
దగ్గరికి పోయి
కొంగులోంచి ఒక చెయ్యి బయటికి లాగి పట్టుకుంది.
అందరివైపూ తిరిగి,
“దీజ్ ఆర్ మై మదర్.”

ఎవరో కిసుక్కుమన్నారు.
నేను నోరు తెరిచాను, దిద్దడానికే.
ఈలోగా పిల్ల నావైపు చూసి
“గారు లేదన్నారుగా టీచర్” అంది. “అందుకని.”

గాలి ఇటు తిరిగింది.
ముందు తుమ్మింది నేనే.