దిగడానికి నూట తొంభై మెట్లు

"దేవుని కంటితో నిన్ను నువ్వు చూసుకో" అన్నారు
మారతహళ్ళి తెలుగు సంఘంలో పాస్టరమ్మగారు,
ఆదివారం, ఫ్యాను కింద, చల్లగా.
లోపల్లోపల నవ్వుకున్నాను.
అమ్మా, ఆ ఎత్తున కూర్చునేది నేనే కదా,
వారానికి ఆరు రోజులు!

వర్తూరు చెరువు నురగ మీంచి
తెల్లారుతుంది నా కేబిన్లో.
టవర్ క్రేను కొమ్మ చివర ఒక కాకి
నాకంటే ముందే డ్యూటీ ఎక్కి ఉంటుంది.
కింద హెల్మెట్లు.
ఆరబోసిన శనగపప్పులా కూలీలవి,
మధ్య మధ్య రాళ్ళలా తెల్లగా ఇంజనీర్లవి.
మొహాలుండవు ఇక్కణ్ణుంచి.
ఎవడి అప్పు ఎంతో, ఎవడి దగ్గు ఎన్నాళ్ళదో తెలీదు.
దేవుడికీ ఇంతేనేమో అనుకునేవాణ్ణి:
వాకీటాకీలో గొంతు వినబడితే బరువెత్తుతాడు,
లేదంటే ఊరుకుంటాడు.

నా దారిని కూడా పైనుంచి గీసి చూసుకున్నాను ఓ రాత్రి.
పొదిలిలో ఇంటర్ తప్పడం,
కందుకూరులో పొగాకు బ్యారన్ కాపలా,
లారీ క్లీనరు పని,
ఒంగోలు బైపాసు పక్కన తాగి పడుకున్న రెండేళ్ళు.
ఎక్కడా తిన్నగా లేదు గీత,
పిచ్చికుక్క పరుగు.
పదకొండు రోజులే బతికిన మా పాప దగ్గర
చాలాకాలం కదలనే లేదు.

మొన్న గురువారం, ఒంటిగంట.
గేటు దగ్గర వంకాయరంగు చుక్కొకటి కదిలింది.
చేతిలో క్యారేజీ తళుక్కుమంది.
మొహం లేదు,
అయినా తెలిసిపోయింది.
ఎడమకాలు కాస్త ఈడ్చి, ఆగి,
కొంగు దోపుకుని మళ్ళీ నడిచేది
మా సువార్త కాక ఇంకెవరు?
ఇంత ఎత్తునుంచి, ఇంతమందిలో,
ఒక్క నడకని పట్టుకుని!

రోజూ వచ్చే దారికి రేకులు అడ్డం కట్టారు.
"ఆ కడె, ఆ కడె" అంటున్నాడు కాబోలు వాచ్‌మన్.
తను తిడుతోంది, చేతుల ఊపే చెబుతోంది.
తిట్టుకుంటూనే బురదలోంచి,
ఇటుకల గుట్ట వెనకనుంచి చుట్టూ తిరిగి వస్తోంది.
రేకుల అవతల ముప్పై అడుగుల గొయ్యి,
అందులో నిటారుగా ఇనుప చువ్వలు.
అవి నాకు కనిపిస్తున్నాయి.
తనకి కనిపించేది రేకొక్కటే.
అరవాలనిపించింది: తిట్టకే, చుట్టూ రా, పర్లేదు.
అద్దాల్లోంచి ఎవరికి వినబడుతుంది?

అయితే పాప కూడా ఒక రేకేనా అని
అక్కడే అడిగాను, గట్టిగా, ఒక్కణ్ణే.
గాలి కొలిచే ముల్లు ముప్పైనాలుగు దగ్గర వణికింది.
జవాబు రాలేదు.
సాక్ష్యం చెప్పమని నిలబెడితే
రాలేదన్న మాట కూడా చెబుతాను.

రోజూ క్యారేజీని తాడు కట్టి లాక్కుంటాను.
"పంపనా?" అన్నాడు కింద సిగ్నల్ ఇచ్చే బిర్సా.
ఎందుకో, వద్దన్నాను.
మోటారు ఆపి, తలుపు తీసి దిగాను.
నూట తొంభై మెట్లు.
దిగుతుంటే హెల్మెట్ల కింద ఒక్కో మొహం మొలిచింది.
బిర్సా విరిగిన పన్ను,
మేస్త్రీ గడ్డంలో ఎండిన సిమెంటు,
పంతొమ్మిది కూడా నిండని ఒకడి కళ్ళలో
రాత్రి ఏడ్చిన ఎరుపు.
మోకాళ్ళు పట్టేశాయి.
అప్పుడు తట్టింది,
పాస్టరమ్మ చెప్పిన కన్ను పైన లేదు.
పైనే ఉండిపోయి ఉంటే
ఆ చేతులకి మేకులెలా అందేవి?
దిగినవాడి కన్ను అది.
వడ్రంగి ఇంట్లో చెక్కపొట్టు పడి మండిన కన్ను.

"ఇదేంటి, దిగొచ్చావు? పని పోయిందా?"
"ఆకలేసింది."
చింతపండు పులుసు కారిన క్యారేజీ పక్కన పెట్టి
"ఇటు తిరుగు" అంది.
చెవి వెనక గ్రీజు మరక.
కొంగు తడిపి తుడిచింది,
నలభై రెండేళ్ళలో
నేనెన్నడూ చూసుకోలేని చోట.